పదో నిమిషం దగ్గర ఆపిన కొలత

నేను సోలార్ సెల్స్ తయారు చేయలేదు. ఇతరులు తయారు చేసినవాటిని కొలిచాను. బయటివాళ్లకు ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. అమెరికాలో డబ్లిన్ అనే ఊళ్లోని మా ఇంటికి వచ్చే మాస్టర్స్ పిల్లలు "ఆంటీ సోలార్ సైంటిస్ట్" అని ఒకరికొకరు పరిచయం చేస్తుంటే మొదట్లో సరిదిద్దేదాన్ని. తరవాత మానేశాను. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇదే రంగంలోకి వెళ్తున్నారు. పని నిజంగా ఎలా ఉంటుందో రాసి ఇమ్మని అడిగారు.

ప్రమోషన్ల గురించి, పేటెంట్ల గురించి రాయను. అవి కాగితాల మీద ఉన్నాయి, కావలసినవాళ్లు చూసుకోవచ్చు. ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైనవి కొన్ని, అర్థం కానివి చాలా. రాయడానికి కూర్చుంటే రెండో రకానివే ముందు వస్తున్నాయి. మా ఆయన రెండేళ్ల కిందట పోయారు. ఇది ఆయన గురించి కాకూడదనే మొదలుపెట్టాను. అలా కుదిరేలా లేదు.

కొలవడం అంటే

ఎఫిషియెన్సీ అంటే సెల్ మీద పడిన వెలుగులో ఎంత భాగం కరెంటుగా బయటికి వచ్చిందో చెప్పే సంఖ్య. వంద పాళ్లు పడి పదిహేను పాళ్లు వస్తే పదిహేను శాతం. ఇంతే. భాగహారం వచ్చిన పిల్లలెవరైనా చెప్పగలరు. చిక్కు భాగహారంలో లేదు. ఎంత వెలుగు పడింది, ఎంత చోటు మీద పడింది, అప్పుడు సెల్ ఎంత వేడిగా ఉంది, ఎంతసేపటి నుంచి వెలుగులో ఉంది. ఈ నాలుగింటిలో ఏది మారినా జవాబు మారుతుంది.

మేం ఎండలో కొలవం. ఎండ నిలకడగా ఉండదు. చీకటి గదిలో పెద్ద ల్యాంప్ ఉంటుంది. ఎంత కరెంటు ఇవ్వాలో ముందే తెలిసిన సెల్ ఒకటి ఉంటుంది, దాన్ని రిఫరెన్స్ అంటాం. రోజూ పొద్దున్న ముందు రిఫరెన్స్‌ని ల్యాంప్ కింద పెట్టి, అది ఇవ్వాల్సినంత ఇచ్చేదాకా వెలుగును సరిచేస్తాం. అప్పుడు కొత్త సెల్‌ని అదే చోట పెడతాం. దాని మీద నల్లరంగు వేసిన పల్చటి రేకు కప్పుతాం. రేకు మధ్యలో చిన్న కంత. కొలిచే చోటు ఆ కంత మేరే. మా సెల్స్ బొటనవేలి గోరంత ఉండేవి. ఆ గోరంత దానిలో శాతంలో పదో వంతు పెరిగితే మీటింగులో చప్పట్లు కొట్టేవారు.

చేరిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. అప్పటిదాకా మా కంపెనీలో సెల్స్‌ని పల్చటి స్టీలు రేకు మీద చేసేవాళ్లు. ఒక వారం గాజు మీద చేసినవి వచ్చాయి. గాజు మీదవన్నీ కాస్త ఎక్కువ నంబర్లు ఇచ్చాయి. అందరూ సంతోషించారు. గాజే మేలని నేను రిపోర్టు కూడా రాశాను. మా ల్యాబ్ పెద్ద గ్రెగ్ దాన్ని చదివి నా గదికి వచ్చాడు. జేబులోంచి స్కేలు తీసి గాజు మందం కొలిచాడు. గ్రెగ్ అమెరికన్, అతని మాటలు తెలుగులో రాస్తున్నాను.

"లలితా, నువ్వు సూర్యుణ్ణి మూడు మిల్లీమీటర్లు కిందికి లాగావు."

గాజు మందం మూడు మిల్లీమీటర్లు. అంత మేర సెల్ ల్యాంప్‌కి దగ్గరైంది, ఎక్కువ వెలుగు తాగింది. స్టీలు రేకు మీది సెల్ అడుగున అంతే మందం పలక పెట్టి మళ్లీ కొలిస్తే తేడా దాదాపు పోయింది. నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. గ్రెగ్ వారం రోజులు కారిడార్‌లో నన్ను చూసినప్పుడల్లా చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని "ఎండ ఎక్కువగా ఉంది ఇవాళ" అనేవాడు.

ఆ తప్పు వల్ల తెలిసిందేమిటంటే, నంబరు మంచిదైతే ఎవరూ రెండోసారి చూడరు. చెడ్డదైతేనే రేకు జరిగిందా, తీగ ఊడిందా అని వెతుకుతారు. చెడ్డవాటిని మాత్రమే సరిచేసుకుంటూ పోతే, ఒక్కరు కూడా అబద్ధం ఆడకుండానే ల్యాబ్ మొత్తం నంబర్లు పైకి పోతాయి. ఈ రంగంలో పత్రికలకు ఇచ్చే నంబర్లలో కొన్నింటి వెనక మోసం ఉండదు. ఇదే ఉంటుంది. ఇది నాకు అర్థమైనవాటిలో చేరుతుంది.

ఇంటి మనిషి చేసిన సెల్

మా ఆయన పేరు మోహనరావు. ఆయన అదే కంపెనీలో సెల్స్ తయారు చేసే ఇంజినీరు. అంతకుముందు చాలా ఏళ్లు హార్డ్ డిస్కుల మీద లోహపు పొరలు వేసే పని చేశారు. 2001 తరవాత ఆ కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నప్పుడు ఆయన ఉద్యోగమూ పోయింది. కొన్నేళ్లకు ఇక్కడ సోలార్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. మామూలు సోలార్ ప్యానెళ్లకు కావలసిన సిలికాన్ దొరకడం కష్టంగా ఉన్న రోజులు. సిలికాన్ లేకుండా రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిపి పల్చటి పొరగా వేసి సెల్ చేయవచ్చని వాళ్ల నమ్మకం. పొరలు వేయడం తెలిసినవాళ్లు కావాలి. ఆయన వెళ్లారు, ఆరు నెలలకు నన్నూ లాగారు.

మొగుడు చేసినదాన్ని పెళ్లాం కొలవడం బాగుండదు. గ్రెగ్ ఆ మాట మా ఇద్దరినీ కూర్చోబెట్టి సూటిగానే అన్నాడు. అయితే ఆ కొలత తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. అందుకని నియమం పెట్టాడు. పెట్టె మీద కోడ్ నంబరు తప్ప ఏమీ ఉండకూడదు. ఎవరిదో నాకు తెలియకూడదు.

నాకు తెలిసేది. గ్రెగ్‌కి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. మా ఆయనది ఎడమచేతి వాటం. గాజు అంచున పొరను చాకుతో గీకినప్పుడు ఆ గీత అందరి గీతలకూ ఎదురువైపు నుంచి మొదలయ్యేది. పెట్టె తెరవగానే తెలిసిపోయేది. తెలిసినా నా కొలత మారదని అనుకునేదాన్ని. మారదని నిరూపించడానికి ఏమీ చేయలేదు.

రెండు టీములు ఉండేవి. అవతలి టీము నాలుగు పదార్థాలనూ ఒకేసారి ఆవిరి చేసి గాజు మీద పట్టించేది. మా ఆయన టీము ముందు లోహాలు వేసి, తరవాత ఓవెన్‌లో సెలీనియం పట్టించేది. రెండో పద్ధతి చవక అని ఆయన వాదన. ఆయన కింద ఐదుగురు. వాళ్లలో ఇద్దరి పేర్లు ఇక్కడ అవసరం. ఓవెన్ చూసుకునే టెక్నీషియన్ లూయిస్, మా కంపెనీ ఉన్న ఫ్రీమాంట్‌లోనే పుట్టి పెరిగినవాడు. రెండోది సుజాత. వరంగల్ అమ్మాయి, ఇక్కడే మాస్టర్స్ చేసి హెచ్ వన్ వీసా మీద చేరింది. ఇంట్లో నన్ను ఆంటీ అనాలి, ల్యాబ్‌లో పేరు పెట్టి పిలవాలి. ఆ పిల్లకు రెండూ కలిసిపోయి ల్యాబ్‌లో కూడా ఆంటీ అనేసేది.

మధ్యాహ్నం మా క్యారేజీలో ఒక వాటా ఆ అమ్మాయిది.

"ఇంత సప్పగ ఎట్ల తింటరు అంకుల్? మా వరంగల్‌ల గిట్లాంటి పప్పు పేషంట్లకు పెడతరు."

"పేషంట్లు బతికారా లేదా?" అనేవారు మా ఆయన.

"బతికిన్రు గాని, మల్ల ఆ దవాఖానకు పోలె."

2008 ప్రాంతంలో కంపెనీకి ఫ్యాక్టరీ పెట్టేంత డబ్బు ఒకే పద్ధతికి ఉందని తేలింది. రెండు టీములూ తమ మంచి సెల్ ఒకటి ఇవ్వాలి, ఎవరిది ఎక్కువైతే ఆ పద్ధతి. ఓడిన టీము ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు. సుజాతకు ఇంకా బాగా తెలుసు. ఉద్యోగం పోతే వీసా పోతుంది.

ఆ వారం క్యాంటీన్‌లో అవతలి టీములో ఒకతను ప్లేటుతో మా బల్ల పక్కనుంచి పోతూ మా ఆయన భుజం తట్టాడు. "నీకేం, జడ్జి వంటింట్లోనే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను నవ్వానో లేదో గుర్తు లేదు.

ఆ రోజు

ఇక్కడ ఒక విషయం వివరించాలి. ఈ రకం సెల్స్ చీకట్లోంచి తీసిన వెంటనే తక్కువ ఇస్తాయి. వెలుగు తగిలేకొద్దీ నెమ్మదిగా పుంజుకుంటాయి. కొన్ని ఒక స్థాయికి చేరి నిలుస్తాయి. కొన్ని కాసేపు ఎక్కి మళ్లీ దిగుతాయి. ఎందుకో అప్పుడు మాకు పూర్తిగా తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు. అందుకని కొలిచే ముందు సెల్‌ని ల్యాంప్ కింద కొంతసేపు ఉంచేవాళ్లం. మా పద్ధతి కాగితంలో రాసి ఉన్నది పది నిమిషాలు. నేను మాత్రం గడియారం చూసి ఆపేదాన్ని కాదు. వరసగా మూడు రీడింగులు ఒకటే వచ్చేదాకా ఆగేదాన్ని. చాలా సెల్స్ పది లోపే నిలిచేవి కాబట్టి రాసినదానికీ చేసేదానికీ తేడా ఎవరికీ కనపడలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ రోజు గ్రెగ్ కోడ్‌లు తీసేశాడు. "టీముకి ఒకరు లోపలికి వెళ్లి చూసుకోండి. లలిత మీద నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే చెప్పండి" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం నాకు బరువుగా అనిపించింది.

పొద్దున అవతలి టీము సెల్. పది నిమిషాలకు ఇంకా ఎక్కుతోంది. అలవాటు ప్రకారం ఆగాను. వాళ్ల మనిషి బయటికి వెళ్లి కాఫీ తెచ్చుకుని తాగాడు. పద్దెనిమిదో నిమిషానికి నిలిచింది. కొలిచాను, రాశాను, అతను సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం సుజాత మూత బిగించిన నల్ల పెట్టె రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. మా ఆయన రాలేదు. రాకపోవడమే సరి అనుకుని ఉంటారు. సెల్ పెట్టాను, ఎత్తు చూశాను, రేకు కప్పాను, ల్యాంప్ మూత తెరిచాను. సుజాత నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తోంది. పదో నిమిషం అయింది. నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

"ఆంటీ, ఇంకా ఎక్కుతాంది."

"పది నిమిషాలు అయింది."

"అయింది గాని, చూడున్రి, మెల్లగ ఎక్కుతనే ఉన్నది."

"రూల్ పది నిమిషాలమ్మా."

"సరే ఆంటీ. రూల్ అంటే రూలే" అంది.

కొలిచాను. అవతలిదానికన్నా శాతంలో మూడు పదో వంతులు తక్కువ. సుజాత సంతకం పెట్టి, పెట్టె మూత బిగించుకుని వెళ్లింది.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిజాయితీగా చెప్పాలంటే, ఇది నా వాళ్లది కాబట్టి రాసిన ప్రకారమే చేయాలి అనుకున్నాను. అంతకన్నా ఏమీ అనుకోలేదు. పొద్దున నేను రాసిన ప్రకారం చేయలేదన్న సంగతి గుర్తుకే రాలేదు. మరచిపోయానా, మరచిపోవాలనుకున్నానా? చదివే మీకు ఈ రెండూ వేరుగా కనిపించవచ్చు. నాకు లోపలి నుంచి చూస్తే వేరుగా కనిపించడం లేదు.

మూడో రోజు కంపెనీవాళ్లు మా ఆయన కింది ఐదుగురినీ పిలిచి, ఉద్యోగం తీసేసినట్టు కవర్లు ఇచ్చారు. ఆయన్ని మాత్రం ఉంచి అవతలి టీముకి మార్చారు. సుజాత మా ఇంటికి వచ్చి ప్రెషర్ కుక్కర్, దుప్పట్లు మా గరాజ్‌లో పెట్టి వరంగల్ వెళ్లిపోయింది. తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది.

రెండు అంకెలు

ఎనిమిది రోజుల తరవాత ఆఖరి రిపోర్టు రాస్తున్నాను. రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి పట్టిక చేయాలి. వెలుగులో ఉంచిన సమయం అన్న వరసలో ఒకచోట పద్దెనిమిది, ఒకచోట పది. నేనే కొట్టిన అంకెలు. రెండూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాకే చూశాను. గ్రెగ్ ఆ కాగితాల మీద సంతకం చేసి ఉన్నాడు. అతనూ చూడలేదు. నంబరు చెడ్డదైతే వెతుకుతారని ముందు రాశాను. ఈసారి చెడ్డ నంబరును కూడా ఎవరూ వెతకలేదు. జడ్జి సొంత ఇంటికే తక్కువ ఇచ్చిందంటే ఇక అనుమానించడానికి ఏముంది?

గ్రెగ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. తలుపు వేశాడు.

"ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంచితే గెలిచేదా?"

"తెలియదు. గెలిచేదేమో. ఎక్కి దిగిపోయేదేమో. మళ్లీ కొలుద్దాం."

"మళ్లీ కొలిచి?" అన్నాడు. "లలితా, అవతలి టీముకి కావలసిన మెషీన్‌కి నెల కిందటే ఆర్డర్ ఇచ్చేశాం. నీ నంబరు వల్ల నాకు ఆ మాట చెప్పడం తేలికైంది. అంతే."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. మెషీన్ సంగతి నిజమా, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడా? నిజమైతే ఆ పోటీ ఎందుకు పెట్టాడు? నిజం కాకపోతే ఐదుగురి ఉద్యోగాలు నా చేతి మీదుగా పోయాయి. గ్రెగ్ చెడ్డవాడు కాదు. అతని దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆ ఒక్క మాటను మాత్రం ఏ వైపు పెట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను. నవలలు చాలా చదివినదాన్ని. వాటిలో ఇలాంటి చోట మనిషికి ఏదో ఒకటి తెలిసి వస్తుంది. నాకు ఏమీ తెలిసి రాలేదు. రిపోర్టులో రెండు అంకెలూ ఉన్నవి ఉన్నట్టే రాసి ఇచ్చాను. ఎవరూ అడగలేదు.

మా ఆయనకు చెప్పలేదు. ఆయనా ఆ కొలత గురించి ఒక్క మాట అడగలేదు. రోజూ ఒకే కారులో వెళ్లి, ఒకే కారులో వచ్చాం.

కంపెనీ కూడా నిలవలేదు. మేం మా గోరంత సెల్స్‌లో పదో వంతుల కోసం కొట్టుకుంటుండగా సిలికాన్ ధర పడిపోయింది. మామూలు సిలికాన్ ప్యానెళ్లు చవకగా వచ్చేశాయి. రికార్డు సెల్‌ని ఫ్యాక్టరీలో చదరపు మీటర్ల లెక్కన చేసేసరికి మా నంబరు ఎటూ సగానికి దగ్గరపడేది. 2011లో మూసేశారు. ఏ పద్ధతి గెలిచిందన్నది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని సంగతి. అక్కర్లేని సంగతి కోసం మనుషుల ఉద్యోగాలు పోయాయి.

ఆఖరి రోజు ఇంటికి వస్తున్నాం. ఆయన డ్రైవ్ చేస్తున్నారు. ఫ్రీమాంట్ దాటి సునోల్ కొండ ఎక్కే చోట ట్రాఫిక్ నెమ్మదించింది. అప్పుడు చెప్పాను.

"ఏవండీ, ఆ రోజు మీ సెల్‌ని పది నిమిషాలకే ఆపేశాను. పొద్దున వాళ్లదాన్ని పద్దెనిమిది ఉంచాను."

ఆయన అద్దంలోకి చూసి లేన్ మారారు.

"మంచిపని చేశావు. పన్నెండో నిమిషం నుంచి అది దిగుతుంది."

"మీకెలా తెలుసు?"

"ముందు రోజు విడిగా చూశాను. ఇంకా ఉంచితే ఇంకా తక్కువ వచ్చేది. నువ్వు పదికి ఆపబట్టే పరువు దక్కింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

నేను మళ్లీ ఏమీ అడగలేదు. ఆ రాత్రి చాలా కాలానికి నిద్ర పట్టింది. ఆయన నంబరు చెప్పారంటే అది కొలిచిందే అయి ఉంటుంది. వంటింట్లో ఉప్పు ఎంత అని అడిగినా చెంచాతో చూసి చెప్పే మనిషి. 2013లో గుండెపోటుతో పోయారు. ఆస్పత్రి సంగతులు రాయను.

ఒకే సెల్, రెండు నంబర్లు

రిటైర్ అయ్యే ముందు ఒక ఏడాది ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో వారానికి రెండు రోజులు పిల్లలకు కొలత నేర్పాను. అప్పటికి కొత్త పదార్థం వచ్చింది, పెరావ్‌స్కైట్. ఎఫిషియెన్సీ ఇంత వేగంగా పెరగడం నేను ఎప్పుడూ చూడలేదు. సీసాలో కలిపి గాజు మీద పోసి తిప్పితే సెల్ అవుతుంది. మా ఆయన చూసి ఉంటే, గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపులు లేకుండా పొర వేయడమా అని కొట్టిపారేసేవారు.

దానితో వచ్చిన చిక్కు ఇది. కొలిచేటప్పుడు సెల్ మీద వోల్టేజిని ఒక చివరి నుంచి ఇంకో చివరికి జరుపుతాం. పై నుంచి కిందికి దించుతూ కొలిస్తే ఒక నంబరు, కింది నుంచి పైకి ఎక్కిస్తూ కొలిస్తే ఇంకోటి. అదే సెల్, అదే ల్యాంప్, అదే మధ్యాహ్నం. పిల్లలు పై నుంచి కొలిచేవారు, ఎందుకంటే అది ఎక్కువ వస్తుంది. తప్పు అని నేను అనలేకపోయాను. రెండోది నిజమని కూడా అనలేకపోయాను. రెండూ రాయండి, ఏ వైపు నుంచో రాయండి, తరవాత ఒక వోల్టేజి దగ్గర ఉంచి అది నిలిచేదాకా ఆగి మూడోది రాయండి అని చెప్పాను. ఒకమ్మాయి "నిలవకపోతే ఆంటీ?" అని అడిగింది. నిలవలేదని రాయమన్నాను. అది పేపర్‌లో వేసుకోరు కదా అంది. వేసుకోరు.

ఆ సెల్స్ ఇరవై ఏళ్లు ఎండలో నిలుస్తాయో లేదో నాకు తెలియదు. నిలుస్తాయని చెప్పేవాళ్లకూ తెలియదు.

సుజాత అడిగింది

ఈ ఏడాది ఆయన ఆబ్దికానికి సుజాత వచ్చింది. ఇప్పుడు బాతెల్ అనే ఊళ్లో ఒక బయోటెక్ కంపెనీలో ఉంది. మధ్యాహ్నం భోజనాలై, వచ్చినవాళ్లు వెళ్లాక, మిగిలిన కూరలు పెరుగు డబ్బాల్లోకి సర్దుతున్నాం.

"ఆంటీ, ఒకటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగమ్మా."

"ఆ రోజు మా సెల్ నిజంగనే తక్కువనా? నేను ఇప్పుడు నా పనిల గా కొలతలే చేస్తున్న. ఎక్కుతున్నదాన్ని నేనైతే ఆపను. మీరెందుకు ఆపిన్రో సమజ్ కాలె. రూల్ అందరికీ గదే అనుకొని ఊకున్న."

ఇంత సూటిగా ఎవరైనా అడిగితే చెప్పాలని ఎప్పుడో అనుకున్నాను. అడిగారు. చెప్పాను. పద్దెనిమిది, పది.

సుజాత డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"అంకుల్‌కు చెప్పిన్రా?"

"చెప్పాను. ఆఖర్న. పన్నెండో నిమిషం నుంచి దిగుతుందన్నారు. ముందు రోజు ఆయన విడిగా చూశారట. అందుకనే నాకు కాస్త..."

"ముందు రోజా?" అంది. "ముందు రోజు ఆ సెల్ యాడుంది ఆంటీ? ఆ వారమంత లూయిస్ ఓవెన్ ఖరాబుండె. రిపేర్ అయినంక ఫస్ట్ బ్యాచ్ అదే. మీరు కొలిచిన రోజు పొద్దుగాలనే ఓవెన్లకెల్లి తీసినం, మధ్యాహ్నం గీతలేసినం, పెట్టెల పెట్టి నేనే మీ తానకు తెచ్చిన. పెట్టె మీ రూమ్‌లనే తెరిసినం. మీ ల్యాంప్ కన్న ముందు అది ఏ లైటూ చూడలె."

"ఇంకో సెల్ గురించి అన్నారేమో."

"అసొంటి సెల్ ఇంకోటి లేకుండె."

 ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన నాకు కొలవకుండా చెప్పిన నంబరు అదొక్కటే. నేను దాన్ని నమ్మాను. ఆయన లేన్ మారుతూ, క్షణం ఆలోచించకుండా చెప్పారు. అంటే మూడేళ్లుగా ఆయనకు తెలిసే ఉండాలి. నా రిపోర్టు చూసి ఉండాలి. జవాబు సిద్ధం చేసుకుని నేను చెప్పేదాకా ఎదురుచూశారు. అది దయ అని అందరూ అంటారు. నాకూ దయ లాగే ఉంది. కానీ నా పని కొలవడం. నాకు తప్పుడు కొలత ఇచ్చి నిద్రపుచ్చారు. ఆయన మీద కోపం వస్తోంది. పోయిన మనిషి మీద ఈ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

"నాకు కోపమొస్తలేదు ఆంటీ" అంది సుజాత. "ఇంటికి వొయినంక రావొచ్చు. వస్తె ఫోన్ చేస్త." డబ్బాలు సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మిగిలిన నలుగురికి మీరే చెప్పాలె. నేను చెప్తె బాగుండదు" అంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా దగ్గర ఉన్న సలహా ఒక్కటే. దాన్ని ఇంతకన్నా బాగా చెప్పడం చేతకాదు. పరాయివాళ్ల సెల్‌కి ఎంతసేపు ఆగుతారో మీ వాళ్లదానికీ అంతసేపు ఆగండి. నిజాయితీ చూపించుకోవడానికి చేసే కొలత, కొలత కాదు.

నలుగురిలో ఒకాయన అడ్రస్ దొరకలేదు. ఒకామె ఇమెయిల్‌కి జవాబు ఇవ్వలేదు. ఒకాయన ఫోన్‌లో మర్యాదగా విని, "ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అన్నాడు. 

లూయిస్ ఇప్పుడు ట్రేసీ అనే ఊళ్లో స్కూలు బస్సు నడుపుతున్నాడు. పోయిన ఆదివారం పొద్దున ఫోన్ చేశాను. మోహన్ పోయారని తెలుసన్నాడు, బాధపడ్డాడు. తరవాత నేను చెప్పవలసింది చెప్పాను. మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఎన్ని నిమిషాలు తేడా అని అడిగాడు. ఎనిమిది అన్నాను.

"ఆ ఓవెన్‌ని రిపేర్ చేసింది నేనే. ఆ రోజు సెలీనియం నేనే తక్కువ పట్టించాననుకున్నాను. అందరి ఉద్యోగాలూ నా వల్లే పోయాయనుకుని ఆ పనిలోకి మళ్లీ వెళ్లలేదు" అన్నాడు.

 అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"పెట్టేయకండి. ఒక్క నిమిషం" అన్నాడు.

ఆగాను.